ఫ్లాట్ టీవీలో బొమ్మ ఎక్కడ చెడుతోంది?

సంక్రాంతి ఆఫర్లో 55 అంగుళాల టీవీ కొని గోడకు బిగించిన వారానికే చాలా ఇళ్లలో ఒక మాట వినిపిస్తుంది: "దీనికంటే పాత డబ్బా టీవీలోనే బొమ్మ బాగుండేది." నెల్లూరులోనో ఒంగోలులోనో ట్రంకు రోడ్డు షోరూములో చూసినప్పుడు చిలక ఈకలు లెక్కపెట్టుకోవచ్చు అన్నంత స్పష్టంగా ఉన్నది ఆ తెరే. ఇంటికొచ్చి లోకల్ చానల్ పెట్టేసరికి యాంకరు ముఖం మైనం పూసినట్టు ఉంటుంది. కొట్టులో వేరే పీసు అంటగట్టారేమోనని అనుమానం మొదలవుతుంది. పీసు మారలేదు. దానికి అందే సరుకు మారింది.

షోరూములో ఆడేది డెమో కోసమే తీసిన 4కె వీడియో. ఇంట్లో ఆడేది కేబుల్ పెట్టె నుంచి వచ్చే మామూలు ఎస్‌డీ చానల్. మన దేశంలో ఎస్‌డీ బొమ్మ అంటే అడ్డంగా 720, నిలువునా 576 చుక్కలు, మొత్తం 4,14,720. 4కె తెర మీద అడ్డంగా 3,840, నిలువునా 2,160, మొత్తం 82,94,400. సరిగ్గా ఇరవై రెట్లు. అంటే వచ్చిన ప్రతి చుక్కకూ మరో పంతొమ్మిది చుక్కల్ని టీవీ తనంతట తాను ఊహించి నింపుకోవాలి. ఒక దోసె పిండిని ఇరవై దోసెల పెనం మీద పరచమంటే ఎంత పల్చగా వస్తుందో, ఈ బొమ్మా అంతే. పాత 21 అంగుళాల డబ్బా టీవీ అదే సిగ్నల్‌ను ఉన్నదున్నట్టు గీసేది. తెర చిన్నది కాబట్టి లోపం కంటికి ఆనేది కాదు.

కాబట్టి మెకానిక్‌కు ఫోన్ చేసేముందు తేల్చుకోవాల్సింది ఒకటే: చెడిన బొమ్మే టీవీలోకి వస్తోందా, మంచి బొమ్మ వచ్చి టీవీలో చెడుతోందా? దీనికి పైసా ఖర్చు లేదు. బొమ్మ బాగోలేని సమయంలోనే టీవీ రిమోట్ తీసుకుని టీవీ సొంత మెనూ తెరిస్తే చాలు. సెట్‌టాప్ బాక్సు మెనూ కాదు, టీవీదే. ఆ అక్షరాలు టీవీ లోపలే తయారవుతాయి. వాటికి కేబుల్‌తో గానీ డిష్‌తో గానీ సంబంధం లేదు. వెనక బొమ్మ గళ్లు గళ్లుగా పగిలిపోతున్నా మెనూ అక్షరాలు చెక్కినట్టు ఉంటే తెరకు ఏ జబ్బూ లేదని అర్థం. మెనూ మీదుగా కూడా గీతలు సాగితే, మెనూ కూడా సగం తెరలోనే కనబడితే, లోపం టీవీలో ఉంది. ఇంకా అనుమానముంటే ఫోన్లో తీసిన వీడియో ఒకటి పెన్‌డ్రైవ్‌లో వేసి ఆడించి చూడొచ్చు. ఈ పరీక్షకు చిక్కనిది ఒకటుంది. బాక్సు తీగను టీవీకి గుచ్చే హెచ్‌డీఎంఐ పోర్టు పాడైతే మెనూ బాగానే ఉంటుంది, బాక్సు బొమ్మ మాత్రం మిణుకుమంటుంది లేదా అసలు రాదు. పిన్నును పక్క పోర్టులోకి మారిస్తే సంగతి తేలుతుంది.

బయటినుంచి వచ్చే జబ్బుల్లో ఎక్కువగా కనబడేది, సులువుగా పోయేది మూడు పిన్నుల తీగ. పసుపు, ఎరుపు, తెలుపు రంగుల ఏవీ పిన్నులు పాత టీవీ కాలంనాటివి. బొమ్మ మొత్తాన్ని, వెలుగునీ రంగునీ కలగలిపి, ఒక్క పసుపు పిన్ను మోస్తుంది. టీవీ వాటిని మళ్లీ విడదీసుకోవాలి. ఆ విడదీతలో అక్షరాల అంచుల్లో రంగులు కారతాయి, సన్నగీతల చీర కట్టుకున్న యాంకరు ఒంటి మీద ఇంద్రధనుస్సు ఆడుతుంది. హెచ్‌డీ బాక్సుకు, హెచ్‌డీ ప్యాకేజీకి నెలనెలా డబ్బు కడుతూ, పాత టీవీ నుంచి పీకిన ఈ మూడు పిన్నులే కొత్తదానికి గుచ్చి చూస్తున్న ఇళ్లు తక్కువేమీ కావు. ఏవీ తీగ గుండా హెచ్‌డీ రాదు. ఎంత కట్టినా ఎస్‌డీయే. హెచ్‌డీఎంఐ తీగ వేశాక కూడా బాక్సు సెట్టింగుల్లో వీడియో అవుట్‌పుట్ 576 దగ్గరే ఉండిపోతే ఫలితం అంతంతమాత్రమే. దాన్ని 1080కి మార్చాలి. ఇక బంగారు పూత హెచ్‌డీఎంఐ తీగ వేస్తే రంగులు విరబూస్తాయని కొట్లో చెబితే నమ్మనక్కర్లేదు. అందులో వెళ్లేది అంకెలు. తీగ పాడైతే తెర మీద తళుకులు పడతాయి, మధ్యమధ్య నల్లబడుతుంది, లేదా బొమ్మే రాదు. కొద్దిగా మసకగా రావడం, రంగు కొంచెం తగ్గడం అన్న జబ్బు ఆ తీగకు లేదు.

ముఖాలు లావుగా, మనుషులు పొట్టిగా కనబడితే అది 4:3 కొలతలో తీసిన పాత కార్యక్రమాన్ని 16:9 తెరకు సాగదీయడం వల్ల. కింద స్క్రోలింగు వార్తలు సగం తెగిపోతే ఓవర్‌స్కాన్, అంటే బొమ్మ అంచుల్ని టీవీ కోసేయడం. రెండూ పిక్చర్ సైజు సెట్టింగులో రెండు నొక్కులతో పోతాయి.

ఇంతకంటే మాట్లాడుకోవాల్సింది డిష్ గురించి. "బొమ్మ గళ్లు గళ్లుగా పడతా ఉండాది, టీవీ పోయినట్టుండాది" అనే ఫిర్యాదు నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాల వానల్లో పెరగడం సహజం. పాత రోజుల్లో సిగ్నల్ తగ్గితే తెర మీద ఈగలు ముసిరినట్టు చుక్కలు పడేవి. బొమ్మ మసకగానైనా కనబడేది, యాంటెన్నా తిప్పుకుంటూ మ్యాచ్ చూసేవాళ్లు. 2012 నుంచి 2017 మధ్య కేబుల్ ప్రసారాలు దశలవారీగా డిజిటల్‌లోకి మారాక ఆ మధ్యస్థం పోయింది. డిజిటల్ సిగ్నల్ ఒక హద్దు దాకా బలహీనపడినా బొమ్మకు ఏమీ కాదు. హద్దు దాటిందా, గళ్లుగా పగులుతుంది. ఇంకాస్త తగ్గితే బొమ్మ నిలిచిపోతుంది. కుదించిన బొమ్మను చిన్న చిన్న చతురస్రాలుగా పంపుతారు కాబట్టి, అందనివి ఆ చతురస్రాల లెక్కనే పోతాయి. అందుకే ఆ గళ్లు. గళ్లు కనబడ్డాయంటే సిగ్నల్‌దే తప్పని దాదాపుగా చెప్పేయొచ్చు. ప్యానెల్, అంటే టీవీ తెర, పాడైతే గళ్లు రావు, గీతలు వస్తాయి.

డీటీహెచ్ వాడే కేయూ బ్యాండ్ తరంగాలు సుమారు 10 నుంచి 12 గిగాహెర్ట్జ్ మధ్యవి. తరంగం పొడవు రెండున్నర, మూడు సెంటీమీటర్లు. వానచుక్కలు దీన్ని బాగా పీల్చేస్తాయి, చెదరగొడతాయి. దూరదర్శన్ ఫ్రీ డిష్ నడిచే జీశాట్-15 ఉపగ్రహం 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద, భూమధ్యరేఖకు పైన దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. (శ్రీహరికోట పక్కనే ఉన్నా ఈ ఉపగ్రహం వెళ్లింది అక్కడినుంచి కాదు, 2015 నవంబరులో ఫ్రెంచ్ గయానా నుంచి ఏరియాన్ రాకెట్ మీద.) నెల్లూరు 80 డిగ్రీల దగ్గర ఉంది కాబట్టి ఇక్కడి ఫ్రీ డిష్ గొడుగు ఆగ్నేయం మూలకు, చాలా పైకి చూడాలి. ఆ మూల సముద్రం వైపే. దాంతో ఒక చిత్రం జరుగుతుంది: ఇంటి మీద చినుకైనా పడకముందే, ఆగ్నేయాన కొద్ది దూరంలో కురుస్తున్న మేఘం టీవీని ఆపేస్తుంది. పెరట్లో ఎండ కాస్తుంటే "నో సిగ్నల్" చూసి బాక్సును కొట్టి చూసేవాళ్లు ఆకాశంలో ఆ మూలకు ఒకసారి చూస్తే చాలు. పక్కింటి కేబుల్ మాత్రం ఆడుతూనే ఉంటుంది. కేబుల్ వాళ్ల కంట్రోల్ రూము మీద ఉండే పెద్ద పెద్ద డిష్‌లు 4 గిగాహెర్ట్జ్ దగ్గరి సీ బ్యాండ్‌వి. వాన వాటిని అంతగా బాధించదు.

మార్చి రెండో వారం ప్రాంతంలోనూ, సెప్టెంబరు నెలాఖరు నుంచి అక్టోబరు మొదట్లోనూ కొన్ని రోజులు పగటిపూట ఒకే వేళకు కొద్ది నిమిషాలు బొమ్మ పోతే అది ఉపగ్రహం వెనక్కి సూర్యుడు రావడం వల్ల. దానికి మందు లేదు, అవసరమూ లేదు.

వాన వెలిశాక కూడా గళ్లు పోకపోతే అప్పుడు డిష్ దగ్గరికి వెళ్లాలి. మైపాడు, కొత్తపట్నం, పాకల లాంటి తీరపు ఊళ్లలో ఇది మరీ ముఖ్యం. మిద్దె మీద ఎల్ఎన్‌బీకి (డిష్ ముందు కొమ్మ చివర సిగ్నల్ పట్టే పరికరానికి) బిగించిన పిన్నును మెల్లగా తిప్పి ఊడదీస్తే కథంతా అక్కడే కనబడుతుంది. పిన్ను లోపలి గోడ మీద తెల్లటి పొడి, మధ్యలో రాగి తీగ కొసకు పచ్చటి చిలుము, దాని మొదట్లో నల్లటి మచ్చ. తీగను వేళ్లతో వంచితే కొస పుటుక్కున విరిగి చేతిలోకి వస్తుంది. ఉప్పుగాలి చేసే పని ఇది. ఆ తీగ బొమ్మను కిందికి తేవడమే కాదు, ఎల్ఎన్‌బీకి కరెంటును పైకి మోస్తుంది కూడా: ఒక రకం చానళ్లకు 13 వోల్టులు, ఇంకో రకానికి 18. చిలుము వల్ల ఆ వోల్టేజీ దారిలోనే తగ్గితే కొన్ని చానళ్లు శుభ్రంగా వచ్చి, మరికొన్ని ఎప్పటికీ రాకుండా పోతాయి. "సగం చానళ్లు వస్తున్నాయి కాబట్టి డిష్ బాగానే ఉంది, టీవీలోనే ఏదో ఉంది" అనుకోవడం ఇక్కడే తప్పవుతుంది. నాలుగంగుళాల తీగ కోసి కొత్త పిన్ను వేసి, మీద నీరు చొరని టేపు చుట్టి, పిన్ను దగ్గర తీగ కిందికి వేలాడేలా ఒక వంపు ఉంచితే నీళ్లు పిన్నులోకి జారవు. బాక్సు మెనూలో సిగ్నల్ స్ట్రెంగ్త్, సిగ్నల్ క్వాలిటీ అని రెండు పట్టీలుంటాయి. స్ట్రెంగ్త్ నిండుగా ఉన్నా ఉపయోగం లేదు, చూడాల్సింది క్వాలిటీ. దాన్ని ఒక ఎండ రోజున చూసి గుర్తుపెట్టుకుంటే, బొమ్మ చెడినరోజు పోల్చుకోవచ్చు.

కరెంటు మీద నింద వేయడం మరో అలవాటు. చెరువుల దగ్గర ఏరేటర్లు, పొలాల్లో మోటార్లు ఒక్కసారిగా తిరిగే ఊళ్లలో లో-వోల్టేజీ కొత్త కాదు, దాంతో డబ్బా టీవీలో బొమ్మ నాలుగు వైపులా కుంచించుకుపోవడం చూసినవాళ్లు ఇప్పటికీ అదే లెక్క వేస్తారు. ఫ్లాట్ టీవీలో అలా జరగదు. చాలా సెట్ల వెనక స్టిక్కరు మీద 100 నుంచి 240 వోల్టులని రాసి ఉంటుంది. ఆ మధ్యలో వోల్టేజీ ఎంతున్నా లోపలి పవర్ బోర్డు ఒకేలా సర్ది ఇస్తుంది. మరీ తగ్గితే టీవీ ఆగిపోతుంది తప్ప బొమ్మ మసకబారదు. మసక పోవాలని స్టెబిలైజరు కొనడం డబ్బు దండగ. కరెంటు నుంచి నిజంగా భయపడాల్సింది పిడుగుకు. ఉరుములప్పుడు ప్లగ్గు తీసేవాళ్లు కేబుల్ తీగను మర్చిపోతారు. ఆ తీగ గుండా వచ్చిన దెబ్బ బాక్సును దాటి హెచ్‌డీఎంఐ పోర్టును మాడ్చేస్తుంది. ఏవీ పిన్నులతో చూస్తున్నప్పుడు వెడల్పాటి పట్టీ ఒకటి తెర మీద మెల్లగా పాకుతుంటే, కేబుల్ పిన్ను ముట్టుకుంటే చురుక్కుమంటుంటే, అది ఎర్తింగ్ లోపం. టీవీ మెకానిక్ కంటే ముందు ఎలక్ట్రీషియన్ రావాలి.

సిగ్నల్ బాగుండి, తెర బాగుండి, అయినా బొమ్మ కళ్లకు గుచ్చుకుంటుంటే సెట్టింగులే కారణం. కొన్న కొత్తలో చాలా టీవీలు షాపు మోడ్‌లోనే ఉండిపోతాయి. ట్యూబులైట్ల వెలుగులో పక్క టీవీలతో పోటీపడటానికి పెట్టిన మోడ్ అది. ఆకుపచ్చలు రేడియంలా వెలుగుతాయి, మనుషులు నారింజ రంగుకొస్తారు. ఎన్నిసార్లు మార్చినా మర్నాటికి సెట్టింగులు మళ్లీ మొదటికొస్తుంటే కారణం ఇదే. హోమ్ మోడ్‌కు మార్చి, పిక్చర్ మోడ్‌ను సినిమా లేదా స్టాండర్డ్‌కు పెట్టాలి. షార్ప్‌నెస్ పేరు చూసి పెంచుతారు గానీ అది లేని వివరాన్ని తేలేదు. అంచుల చుట్టూ తెల్లటి గీత గీసి స్పష్టంగా ఉందన్న భ్రమ కలిగిస్తుంది. ఎస్‌డీ చానల్లో దాన్ని తగ్గించినకొద్దీ బొమ్మ మెరుగుపడటం చూసి ఆశ్చర్యపోతారు. పాత సినిమా చూస్తుంటే సీరియల్లా జారుతున్నట్టు అనిపిస్తే, సెకనుకు 24 ఫ్రేములతో తీసిన సినిమాకు టీవీ మధ్య ఫ్రేములు కల్పించి కలుపుతోందని అర్థం. మోషన్ స్మూతింగ్ ఆపేయాలి. క్రికెట్‌కు దాన్ని ఉంచుకున్నా నష్టం లేదు. రాత్రిళ్లు తెర దానంతటదే చీకటి పడుతుంటే ఎనర్జీ సేవింగ్ చూడాలి. ఇంకొకటి: చాలా టీవీల్లో బ్రైట్‌నెస్ అనేది నలుపు ఎంత నల్లగా ఉండాలో నిర్ణయిస్తుంది. అసలు వెలుగు బ్యాక్‌లైట్ అన్న సెట్టింగులో ఉంటుంది. బ్రైట్‌నెస్ పెంచి, నలుపు బూడిదరంగు అయిందని టీవీని తిట్టడం అన్యాయం.

సెట్టింగుల్లో కనబడని సెట్టింగు మేకు. పిల్లలకు అందకూడదని, షోకేసు అడ్డం వస్తుందని టీవీని తలుపు పైఅంచు ఎత్తుకు బిగిస్తారు. ఇంట్లోవాళ్లు చాప మీదో నులక మంచం మీదో పడుకుని చూస్తారు. వీఏ రకం ప్యానెళ్లలో నలుపు చిక్కగా ఉంటుంది గానీ ఎదురుగా కూర్చుని చూస్తేనే. కిందినుంచి చూస్తే రంగులు వెలిసిపోతాయి. లేచి నిలబడితే బొమ్మ బాగుపడిందంటే ప్యానెల్ తప్పు లేదు, రెండడుగులు దించాలి. దించడం కుదరకపోతే ముందుకు వంగే స్టాండు వేయించుకోవాలి. ఐపీఎస్ ప్యానెల్ పక్కనుంచి చూసినా రంగు నిలుపుకుంటుంది, బదులుగా చీకటి గదిలో నలుపు కొద్దిగా బూడిదగా ఉంటుంది.

ఓటీటీల సంగతి త్వరగానే తేలిపోతుంది. మొదటి పది సెకన్లు మసకగా ఉండి తర్వాత తేరుకుంటే అది నెట్ వేగాన్ని బట్టి బొమ్మను పెంచుకోవడం, జబ్బు కాదు. ఎప్పటికీ తేరుకోకపోతే వైఫై రౌటరు రెండు గోడల అవతల ఉందేమో చూడాలి. 4కె బొమ్మకు సుమారు 15 ఎంబీపీఎస్ నిలకడగా కావాలి, ఫుల్ హెచ్‌డీకి 5 సరిపోతుంది. నెట్ బాగున్నా బొమ్మ మసకగా ఉంటే కట్టిన ప్లాన్‌లోనే హెచ్‌డీ లేకపోవచ్చు. చవక ఆండ్రాయిడ్ పెట్టెల్లో ఇంకో మెలిక ఉంది: వైడ్‌వైన్ ఎల్1 అనే అనుమతి లేని పెట్టెకు చాలా ఓటీటీలు ఎస్‌డీ మాత్రమే పంపుతాయి, పెట్టె మీద 4కె అని ఎంత పెద్దగా రాసున్నా.

ఇక టీవీదే తప్పయినప్పుడు. మెనూ మీదుగా నిలువు గీత పడితే, తెర అంచున అతికించిన సన్నటి పొరలాంటి కనెక్షన్లలో ఒకటి వదులైందని అర్థం. దీన్నే మెకానిక్‌లు సీఓఎఫ్ అంటారు. అంచు మీద మెత్తగా వేలు ఆనిస్తే గీత పోయి, తీస్తే వస్తుంటే అదే. తెర సగం మాయమైతే, రంగులు ఫొటో నెగటివ్‌లా తిరగబడితే తెరకు బొమ్మను అందించే టీకాన్ బోర్డును, దాని తీగను ముందు చూడమనాలి. అవి ప్యానెల్ కంటే చాలా చవక. ఏమీ చూడకుండానే "ప్యానెల్ పోయింది" అంటే రెండో చోట చూపించడం మంచిది. ప్యానెల్ ఒక్కటే దాదాపు కొత్త టీవీ అంత ధర పలుకుతుంది. ఆ మాటకు ఒప్పుకుంటే పాత టీవీ కొట్లోనే మిగిలిపోతుంది.

మాట వినిపిస్తూ తెర నల్లగా ఉంటే గదిలో లైటు తీసి, ఫోను టార్చిని తెరకు ఆనించినట్టు పెట్టి ఏటవాలుగా చూడాలి. ఆ వెలుగు పడినచోట మనుషులు నీడల్లా కదులుతుంటే ప్యానెల్ భేషుగ్గా ఉంది, వెనక దీపాలు ఆరిపోయాయి. ఎల్ఈడీ టీవీ అంటే ఎల్‌సీడీ తెర వెనక ఎల్ఈడీ దీపాలున్న టీవీయే. ఆ దీపాలు పట్టీల మీద దండలా వరసగా ఉంటాయి. ఒక్కటి పోయినా ఆ వరస అంతా, చాలాసార్లు తెర మొత్తం ఆరిపోతుంది. తెర మీద అక్కడక్కడా తెల్లటి గుండ్రటి మచ్చలు కనబడితే వేడికి జిగురు కరిగి, దీపం మీది చిన్న లెన్సు ఊడి పడిందని అర్థం. తెరంతా ఊదారంగుకు తిరిగితే దీపాల మీది పసుపు పూత చచ్చిపోయింది. ఈ మూడింటికీ ఆ దీపాల పట్టీలు (స్ట్రిప్పులు) మారిస్తే చాలు. రోహిణి కార్తె ఎండల్లో, గాలాడని అల్మరాలో, బ్యాక్‌లైట్ నూటికి నూరు పెట్టి రోజంతా ఆడించే టీవీకి ఈ రోజు త్వరగా వస్తుంది. అరవై, డెబ్బైకి తగ్గిస్తే కంటికి తేడా పెద్దగా తెలియదు, దీపాలకు తెలుస్తుంది. ఇంట్లో మూత విప్పి చూద్దామనుకోవడం మాత్రం వద్దు. పవర్ బోర్డులో 230 వోల్టుల కరెంటు 320 వోల్టులు దాటి నిలవ ఉంటుంది, ప్లగ్గు తీశాక కూడా కాసేపు. ఒక్కోసారి మూత విప్పితే మెకానిక్‌కు ముందు కనబడేది వెచ్చదనానికి లోపలికి దూరి, రెండు టంకాల మధ్య అడ్డంగా మాడిపోయిన బల్లి. అలాంటప్పుడు బోర్డు బాగుపడుతుందా లేదా అనేది బల్లి ఎక్కడ పడిందన్న దాన్ని బట్టి ఉంటుంది.

ఓఎల్ఈడీ టీవీల్లో వెనక దీపాలుండవు, ప్రతి చుక్కా తనే వెలుగుతుంది. పొద్దస్తమానం ఒకే వార్తా చానల్ ఆడే ఇంట్లో మూలనున్న లోగో, కింది ఎర్ర పట్టీ ఆ చుక్కల్ని ముందే అరగదీసి, చానల్ మార్చినా నీడగా మిగిలిపోతాయి. అది సెట్టింగుతో పోయేది కాదు.

పండగ ముందు బూజు దులిపే రోజుల్లో తప్పకుండా జరిగే పొరపాటు తడిగుడ్డ. చీమకుర్తి వైపు గ్రానైట్ దుమ్ము, తీరంలో ఉప్పుజిడ్డు తెర మీద పొరలా పేరుకుంటాయి, తుడవాలనిపించడం సహజమే. గుడ్డను బకెట్లో ముంచి, సరిగా పిండకుండా పైనుంచి కిందికి తుడిస్తే నీళ్లు అద్దం వెంట జారి కింది ఫ్రేము సందులోకి దిగుతాయి. చాలా టీవీల్లో ఇందాక చెప్పిన సీఓఎఫ్ కనెక్షన్లు ఆ అంచునే ఉంటాయి. తుడిచిన రోజు ఏమీ కాదు. తడి లోపలే ఉండి, సన్నటి రాగిగీతల్ని తింటుంది. కొన్ని రోజులకు ఓ సాయంత్రం టీవీ పెడితే తెర మధ్యలో దారమంత గీత. ఆరు నెలల కిందే కొన్నదైతే వారంటీ ఉందన్న ధీమాతో కార్డు వెతుకుతారు. వచ్చిన టెక్నీషియన్ ఫ్రేము విప్పి చిలుము పట్టిన చోటును ఫొటో తీసుకుంటాడు. తడి తగిలినట్టు గుర్తులుంటే వారంటీ వర్తించదన్న మాట ఆ కార్డులోనే చిన్న అక్షరాల్లో ఉంటుంది. తెర మీదికి పొడి మైక్రోఫైబర్ గుడ్డ సరిపోతుంది, అదీ టీవీ ఆపి, చల్లారాక. జిడ్డు వదలకపోతే గుడ్డ కొసను చెమ్మ చేసుకోవాలి గానీ తెర మీద ఏదీ చల్లకూడదు.